అక్కయ్య కడిగిన కొండ

రాళ్లు కడిగింది మా అక్కయ్య. తిట్లు తిన్నది నేను.

"పెట్టెల దగ్గరికి నీళ్లు పోకూడదని ఈ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. మీ అక్కగారికి ఒక్క మాట చెప్పలేకపోయావా?" అన్నారు మా ఆయన.

అరవలేదు. అరిచినా బాగుండేది. కోపం పెరిగేకొద్దీ ఆయన గొంతు తగ్గుతుంది.

"నేను బజారుకెళ్లి వచ్చేసరికే అంతా అయిపోయింది. మా అక్కయ్య రాళ్లకి స్నానం చేయిస్తుందని నాకేమైనా కల వచ్చిందా?" అన్నాను. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎవరేం చేసినా చివరికి నా మీదికే వస్తుంది.

అక్కయ్య గుమ్మంలో నిలబడి తడి చేతులు తుడుచుకుంటోంది. చుట్టపుచూపుగా నాలుగు రోజులుండిపోదామని వచ్చిన మనిషి. ఊరికే కూర్చుంటే ఆవిడకి ఒళ్లు నొప్పులు.

"దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి మరిదిగారూ. సబ్బు పెట్టి తోమితే ఎలా మెరుస్తున్నాయో చూడండి," అంది.

ఆయన చూశారు. చూసి కుర్చీలో కూలబడ్డారు.

వరండా అంతా తడి. పాత దుప్పటి మీద బోరు రాళ్లు ఆరుతున్నాయి. భూమిలోకి గొట్టం దింపి తిప్పుతూ పైకి లాగితే రోకలిబండల్లా గుండ్రంగా, పొడుగ్గా వస్తాయే, అవి. పై నేల ముక్క ముందు, లోతు ముక్క చివర, వచ్చిన వరుసలోనే పెట్టెల గడుల్లో సర్దుకుంటారు ఆయన. ఆ వరుసే వాటికి ప్రాణం. వరుస పోతే గోడ కట్టుకోవడానికి కూడా పనికిరావు.

మా అక్కయ్య ఆ వరుసంతా ఊడదీసి, ఆరినవాటిని మళ్లీ తన పద్ధతిలో సర్దింది. తెల్లవి ఒక పెట్టెలో, బూడిదరంగువి ఒక పెట్టెలో, ఎర్రవి ఇంకో పెట్టెలో. బట్టల బీరువా కూడా అంత ముచ్చటగా ఉండదు. ముక్క ముక్క మీదా రంగు పెన్సిలుతో లోతు రాసి ఉండేది. అదీ లేదు. మా అక్కయ్య చేతి సబ్బుకి లొంగని మరక ఇంతవరకూ పుట్టలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అలా అయింది.

ఇంకో రోజైతే ఈ గొడవ ఓ వారం మౌనంతో తీరిపోయేది. కానీ ఇవాళ మధ్యాహ్నం అల్లుడు వస్తున్నాడు. భోజనానికి కాదు, రుజువు చూడటానికి.

మొన్న ఇదే వరండాలో మామా అల్లుళ్లు మాటా మాటా అనుకున్నారు. అల్లుడు నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు. ఊరందరికీ నీళ్లిచ్చే పెద్ద ట్యాంకు కొండ మీద కట్టాలని వాళ్ల పంతం. కొండ పొట్టలో బంకమట్టి పొర ఉంది, ట్యాంకు కారి అది తడిసిందంటే పై కొండ కిందికి జారుతుంది, కింద పిల్లల బడి ఉంది, అని మా ఆయన పంతం.

"ఆ పొర ఎక్కడుంది మామయ్యగారూ? మా వాళ్లు తవ్వితే కనబడలేదే," అన్నాడు అల్లుడు.

"మీ వాళ్లు గోరుతో గీకారు. నేను బోరు దింపాను. వచ్చి చూసుకోండి అల్లుడుగారూ," అన్నారు ఈయన. మామూలుగా అతన్ని 'బాబూ' అంటారు. 'అల్లుడుగారూ' అన్నారంటే మంట మీద ఉన్నారని అర్థం.

రేపు కొండ మీద పని మొదలవుతుంది. ఇవాళ అల్లుడి కంటికి ఆ పొర కనబడితే ఆగుతుంది, లేకపోతే లేదు. అది ఏ పెట్టెలో ఏ గడిలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవారు ఆయన. పొద్దున్నవరకూ.

"పోనీ, రేపు రమ్మని ఫోన్ చేద్దామా?" అన్నాను.

"రేపు కొండ మీద యంత్రం ఉంటుంది," అన్నారు.

దుప్పటి అంచు నుంచి నీళ్లు మెట్ల మీదికి కారుతున్నాయి.

నన్ను పెళ్లయితే చేసుకున్నారు గానీ, ఆయన కాపురం చేసింది ఈ నేలతో. భూగర్భ శాఖ వాళ్లు రాజధానిలో పెద్ద కుర్చీ ఇస్తామంటే వెళ్లలేదు. "అక్కడి రాళ్లతో నాకు పరిచయం లేదోయ్," అన్నారు. నాకు ఒళ్లు మండి రెండు రోజులు టీ ఇవ్వలేదు. ఆయన గమనించలేదు, ఆ రెండు రోజులూ కొండ మీదే ఉన్నారు. వీధిలో అందరూ రాళ్ల మాస్టారంటారు. పునాది తీసేముందు ఆయన్ని పిలవని ఇల్లు ఈ వీధిలో లేదు. ఏ ఇంటి కింద ఏముందని అడిగినా, అడిగినవాళ్లు నోరు మూసే లోపల చెప్పేస్తారు. 'తెలీదు' అనే మాట ఈ నేల విషయంలో ఆయన నోట నేను వినలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. కానీ ఎప్పుడు లెక్కపెట్టినా మూడే తేలేవి మరి, ఏం చేస్తాం!

గేటు చప్పుడైంది. అమ్మాయి పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఏమైందమ్మా? పెద్దమ్మ ఫోన్ చేసి ఏడుస్తోంది, ఒక్క ముక్క అర్థం కాలేదు."

దాని ఇల్లు మా వీధి పై కొసన, మిట్ట పక్కనే. పోయినేడే కట్టుకున్నారు. ఆ స్థలం ఎంచిపెట్టింది వాళ్ల నాన్నే. 'దీని కింద గట్టి రాయమ్మా, ఏనుగులు గంతులేసినా కదలదు' అని. ట్యాంకుకి కూడా ఆ మిట్టే సరైన చోటు, కొండని వదిలేసి అక్కడ కట్టుకోండి అని ఆయన మొదటినుంచీ మొత్తుకుంటున్నారు. పాపం, మొన్నటినుంచీ నా కూతురి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఇటు తండ్రి, అటు మొగుడు.

అది రాళ్లని చూసింది, వాళ్ల నాన్నని చూసింది, ఏమీ అనకుండా దుప్పటి పక్కన చతికిలబడింది. రెండు ముక్కలు తీసి విరిగిన చివర్లు ఒకదానికొకటి ఆనించి చూసింది. కుదరలేదు. ఇంకోటి తీసింది.

"విరిగిన పింగాణీ పళ్లెం అతికించినట్టు అతికిద్దాం నాన్నా. ఏ విరుపైనా దాని జతకే కదా కుదురుతుంది?"

"కుదురుతుంది. అయితే ఏది పైన, ఏది కింద?"

"అది మీరు చెప్పండి. లేచి రండి ముందు."

ఆయన లేచారు. నిజం చెప్పాలంటే ఆయన కోపం ఎవరైనా ప్రశ్న అడిగేవరకే.

లావుపాటి ముక్కలన్నీ కొండ బోరువి, సన్నవన్నీ మిట్ట బోరువి. గొట్టాలు వేరు. కాబట్టి ముందు లావూ సన్నం వేరు చేశాం. అక్కయ్యని ఎవరూ పిలవలేదు గానీ, కాసేపటికి ఆవిడా వచ్చి అంచున కూర్చుంది.

"ఇటు చూడు, ఈ కొసన ఇసుక గరుకుగా ఉంది, ఆ కొసకి పోయేసరికి సన్నబడింది," అని అమ్మాయికి చూపిస్తున్నారు ఆయన. "నీళ్లు మోసుకొచ్చింది ఏదైనా సరే, బరువైంది ముందు దిగుతుంది. గరుకు వైపు కింద పెట్టు."

"గ్లాసులో మట్టి కలిపి వదిలేస్తే ఇసుక అడుక్కి చేరినట్టా?" అంది అక్కయ్య.

"అదే వదినగారూ! అచ్చం అదే!" అన్నారు ఆయన. అరగంట క్రితం ఆవిడ మొహం కూడా చూడని మనిషి.

ఇంక మా అక్కయ్యని ఎవరు ఆపగలరు? ఇదేమిటి, అదేమిటి అని ఒకటే ప్రశ్నలు. ఒక తెల్లముక్కలో గోరంత నత్తగుల్ల దొరికింది. ఇది ఇందులోకి ఎలా వచ్చిందంది.

"రాలేదు. అక్కడే ఉండేది. ఇదంతా సముద్రం."

"ఏదీ, ఈ ఊరా?"

"మీరు కూర్చున్న చోటే."

అక్కయ్య గబుక్కున కాళ్లు దగ్గరికి లాక్కుంది. నాకూ అమ్మాయికీ నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వారు. హమ్మయ్య అనుకున్నాను.

బూడిదరంగు ముక్కలు మాత్రం అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆయన ఒకదాని అంచు గిల్లి పలుకు నోట్లో వేసుకున్నారు.

"అయ్యయ్యో, మట్టి తింటారా!"

"కంటికి తెలియనిది పంటికి తెలుస్తుంది వదినగారూ. కిరకిరలాడిందనుకోండి, ఒండ్రు రాయి, భయం లేదు. వెన్నలా జారిందనుకోండి, బంకమట్టి. దాంతో జాగ్రత్త." కాస్త నమిలి మొహం అష్టవంకర్లు తిప్పారు. "ఇదైతే సబ్బు."

అమ్మాయి కూడా ఓ పలుకు కొరికింది. "కిరకిర," అంది. అక్కయ్య ఇటూ అటూ చూసి తనూ ఓ పలుకు నోట్లో వేసుకుంది. ఆవిడ పళ్ల కింద కరకరమన్న చప్పుడు నా దాకా వినిపించింది.

అలా అలా కొండ మళ్లీ లేచింది. పైన ఎర్రమట్టి, దాని కింద తెల్లరాయి, కింద బూడిదరంగు, గడి తర్వాత గడి. ఇన్నేళ్లు ఆ పెట్టెలకి దుమ్ము తుడిచాను గానీ, అందులో ఇంత కథ ఉందని ఎప్పుడూ వంగి చూడలేదు. నాకే ఆశ్చర్యమేసింది.

చివరికి ఒక గడి ఖాళీగా మిగిలింది. దుప్పటి మీద లావు ముక్కలు ఇంకేం లేవు.

"ఇక్కడిదే," అన్నారు ఆయన. "నాకు కావలసింది ఇక్కడిదే."

దుప్పటి దులిపాం. బల్లల కింద వెతికాం. అమ్మాయి మెట్ల కింద కూడా చూసొచ్చింది. అక్కయ్య మాత్రం వెతకలేదు, గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

"అక్కయ్యా?" అన్నాను.

"కరిగిపోయిందే," అంది సన్నగా. "బకెట్లో నానేసి, టీ తాగి వచ్చి చూస్తే లేదు. అడుగున జావలా ఉంది. పారబోశాను. రాయి కరుగుతుందని నాకేం తెలుసు? చెడిపోయిన రాయేమో అనుకున్నా!"

అమ్మాయి నోరు తెరిచి తండ్రివైపు చూసింది.

ఆయన అక్కయ్య ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. "ఎంతసేపట్లో కరిగింది వదినగారూ? ఒక్క టీ తాగేంతలోనా?"

"పంచదార తక్కువైతే మళ్లీ వేసుకున్నాను. అంతే."

"అంత తొందరగానా!" అన్నారు. ఆయన కళ్లలో కోపం లేదు, పండగ చేసుకుంటున్నాయవి. "ఒక్క ముక్క పోతే ఆ జానెడు భూమి పోయినట్టే అని, ఇన్నేళ్లు దానికి నీటి చుక్క తగలనివ్వలేదు నేను. మీరు చేసిన పరీక్ష చెయ్యడానికి నాకు చేతులు రాలేదు."

కింది ముక్క కొసకి అతుక్కుని బొటనవేలంత బూడిదరంగు పెళ్ల మిగిలి ఉంది. దాన్ని వేలితో తడిమి, "ఇది చాలు," అన్నారు.

అల్లుడు వచ్చేసరికి వరండా మధ్యలో బల్ల, బల్ల మీద గాజుగ్లాసు, గ్లాసులో నీళ్లు. ఎండలో పడి వచ్చాడు, హెల్మెట్ చంకలో ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చూపించండి మామయ్యగారూ. మా వాళ్లు కొండ దగ్గర ఎదురుచూస్తున్నారు."

"ఈ పెళ్ల గట్టిగా ఉందా లేదా, మీరే నొక్కి చూడండి అల్లుడుగారూ."

అతను నొక్కాడు. బల్ల అంచుకేసి కొట్టాడు. "రాయే," అన్నాడు.

"వెయ్యండి."

గ్లాసులో వేశాడు. అడుక్కి పోయి కూర్చుంది. అందరం తలలు దగ్గర పెట్టి చూస్తున్నాం. ముందు సన్నటి బుడగలు లేచాయి. తర్వాత అంచులు పొలుసులు పొలుసులుగా రాలాయి. నేను ఊపిరి తీసి వదిలానో లేదో, పెళ్ల నడుమ పగిలి, ఉబ్బి, మెత్తగా కూలిపోయింది. గ్లాసు అడుగున బురద.

అల్లుడు హెల్మెట్ కింద పెట్టాడు. గ్లాసెత్తి వెలుతురుకి పట్టాడు. వేలు ముంచి ఆ బురదని రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. వేళ్లు జారిపోతున్నాయి.

"ఇదా కొండ కింద ఉంది?" అన్నాడు.

"ఇదే."

వేళ్లు రుమాలుకి తుడుచుకున్నాడు. "బడికి ఎదురుగానే మా యంత్రం నిలబెట్టాం," అన్నాడు. "నాదే తప్పు మామయ్యగారూ. మీ మాట వినుండాల్సింది. ట్యాంకు మిట్ట మీదే కడదాం. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను."

అతను గేటు దగ్గరికి నడిచాడు. అమ్మాయి మొహం మొన్నటినుంచీ చూడనంతగా విప్పారింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆయన ఒక్క గ్లాసు నీళ్లతో రెండూ గెలిచేశారు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు?

అమ్మాయి ఆ హుషారులోనే సన్నముక్కలు కూడా సర్దడం మొదలుపెట్టింది. మిట్ట బోరు. ఎర్రమట్టి, తెల్లరాయి, బూడిదరంగు. చకచకా సాగుతోంది.

"నాన్నా, ఇక్కడా ఒకటి తక్కువ," అంది.

ఆయన వినలేదు, గేటువైపు చూస్తున్నారు. నేను విన్నాను. అక్కయ్య వింది.

"అక్కయ్యా!" అన్నాను.

"రెండు కరిగాయే," అంది గొణుగుతూ. "రెండోది గులాబీ మొక్క మొదట్లో పోశాను. అప్పటికే మీరంతా అలా ఉంటే, ఎలా చెప్పమంటావు?"

ఆ ముక్క నాకు గుర్తుంది. అది పైకి వచ్చిన రోజు నేనూ మిట్ట మీద ఉన్నాను, క్యారేజీ పట్టుకెళ్లి. ఆయన ఓ పలుకు కొరికి, నవ్వుతూ నావైపు తిరిగి, "కిరకిరలాడుతోందోయ్, ఒండ్రు రాయి. బంగారం లాంటి నేల," అన్నారు. పన్ను చెప్పాక నీళ్లతో పనేముంది? ముక్క పాడవుతుందని నీళ్లలో వెయ్యలేదు. ఆ మాట మీదే వీధంతా ఇళ్లు లేచాయి.

ఖాళీ గడి పక్కన ముక్క కొసకి బూడిదరంగు పెళ్ల ఇంకా అతుక్కునే ఉంది. నా చెయ్యి దానంతటదే వెళ్లి దాని మీద కప్పేసింది. నా కూతురి ఇల్లు గుర్తుకు రాలేదు, వీధి గుర్తుకు రాలేదు. ఆయన పేరొక్కటే గుర్తొచ్చింది. ఇంత మంచి రోజున, ఇంతమంది ముందు, వద్దనిపించింది.

"చెయ్యి తియ్యి," అన్నారు ఆయన.

ఎప్పుడు ఇటు తిరిగారో నాకు తెలీదు.

"ఏముందండీ అక్కడ, ఎక్కడో విరిగి పడి ఉంటుంది..."

"తియ్యవోయ్," అన్నారు. గొంతు బాగా తగ్గింది. కానీ అందులో కోపం లేదు. ఆయనే నా వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశారు.

పెళ్ల గిల్లారు. ముందు అలవాటుగా పంటి కింద పెట్టుకున్నారు. కిరకిరమంది, నాకు వినిపించింది. ఆయన నావైపు ఆశగా చూశారు. నేనూ ఆశగానే చూశాను. తర్వాత మిగిలిన పెళ్లని తెచ్చి, గ్లాసులో నీళ్లు మార్చి, వేశారు.

అల్లుడు నవ్వుతూ వచ్చాడు. "అందరూ ఒప్పుకున్నారు మామయ్యగారూ. రేపే మిట్ట మీద ముగ్గు పోస్తాం. మీ పేరే చెప్పాను. రాళ్ల మాస్టారు చెప్పారంటే ఇంక ఎవరూ నోరెత్తలేదు." గ్లాసువైపు చూశాడు. "అదేంటి, ఇంకా దాన్నే చూస్తున్నారా?"

"అది కాదు బాబూ. ఇది వేరే," అన్నారు ఆయన.

బుడగలు లేచాయి. అంచులు రాలాయి. అక్కయ్య చేత్తో నోరు మూసుకుంది.

"ఎక్కడిది?" అన్నాడు అల్లుడు. అతను పెట్టెల్లో సన్నముక్కల వరుస చూశాడు, ఖాళీ గడి చూశాడు. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, పోవడానికి దానికి టైము చాలలేదు.

"మళ్లీ ఫోన్ చెయ్యి బాబూ. మాస్టారు తప్పు చెప్పాడని చెప్పు."

అల్లుడు కదల్లేదు. అమ్మాయి మాత్రం గ్లాసు ముందు మోకాళ్ల మీద కూర్చుని, పెళ్ల పూర్తిగా కూలేవరకూ చూసింది. తర్వాత తలెత్తింది. చిన్నప్పుడు నీళ్లకి రంగుంటుందా నాన్నా అని అడిగేది చూడండి, అదే గొంతుతో అడిగింది.

"నాన్నా, మా ఇంటి కింద కూడా ఇదేనా?"

ఆయన గ్లాసు పట్టుకున్నారు.

"ఇవాళ నేను ఇంటికెళ్లనా, వద్దా?"

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టి, "మాస్టారూ, బాగున్నారా?" అని పలకరించి వెళ్లారు. ఆయన అటు తిరగలేదు. కూతురి మొహంలోకే చూస్తున్నారు.

"తెలీదమ్మా," అన్నారు.